నెత్తి మీద నిలిచే టోపీ

రాంచందర్ సేటు మూడు టోపీలు పట్టుకొని కొత్తవాడకు వచ్చిన పొద్దున శ్యామలమ్మ వాకిట్లో నవారు నేస్తోంది. మంచాలకు అల్లే నాలుగువేళ్ల నవారు. వీధి మలుపులో ఫట్‌ఫటీ చప్పుడు వినబడగానే ఆమె చేతిలో పోగు దూర్చే నాడె ఆగింది. ఎదురింటి బక్కమ్మ మేక బెదిరి గుంజ చుట్టూ తిరిగింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. సికింద్రాబాదులో మిలిటరీ సామాను వేలం వేస్తుంటే మిర్చి వ్యాపారం చేసే సేటు ఈ మోటారు సైకిల్ కొన్నాడు. దానికి పక్కన తొట్టిలాంటి బండి ఒకటి తగిలించి ఉంటుంది. నడిపేది శ్యామలమ్మ తమ్ముడు మొగిలి. తొట్టిలో కాళ్లు చాపుకొని కూర్చునేది సేటు. మిర్చి బేరాలకు తొర్రూరు దాకా పోయి పొద్దుగూకకముందే తిరిగి వస్తున్నామని సేటు బజారంతా చెప్పుకుంటాడు.

"శ్యామలమ్మా, నీ చేతి కుట్టు మంచిగుంటదని మొగిలి చెప్పిండు. గీ మూడిట్ల ఒకటి నాకు కుదిరేటట్టు జెయ్యాలె" అన్నాడు సేటు అరుగు మీద కూర్చుంటూ.

"టోపీ ఎందుకు సేటూ, ఎండకా?"

"ఎండకు కాదు. మొన్న మామునూరు మలుపు కాడ కంట్రాక్టరు మనిషి ఫట్‌ఫటీ మీదికెల్లి పడ్డడు. దవాఖానకు తీస్కపోకముందే పానం పోయింది. నెత్తి పలిగిందట. గప్పటిసంది మా ఇంట్ల మనిషి ఒకటే పోరు. నెత్తికి ఏదన్న లేకుంటె బండెక్కద్దంటాంది."

అద్దం అడిగాడు. శ్యామలమ్మ గూట్లోంచి అరచేతంత అద్దం తెచ్చి ఇచ్చింది. సేటు ముందు తెల్ల సోలా టోపీ పెట్టుకున్నాడు. తాలూకా దొరలు పెట్టుకునేలాంటిది. బాగానే ఉంది కానీ మొగిలి నవ్వు ఆపుకుంటూ చెప్పాడు: "నిన్న గాలికి ఎగిరి ముళ్లకంపల పడ్డదక్కా. బండాపి ఏరుకునేసరికి నా చేతులు గీసుకపోయినయ్."

రెండోది తోలు టోపీ. విమానం నడిపేవాళ్లు పెట్టుకునేది. చెవుల మీదికి దిగి, గదవ కింద బిగుసుకుంటుంది. సేటు అద్దాన్ని దూరంగా పట్టుకొని ముఖాన్ని కుడికీ ఎడమకూ తిప్పి చూసుకున్నాడు. ఆ తోలు టోపీలో బుగ్గలు బిగిసి ఆయన వయసు పదేళ్లు తగ్గినట్టు కనిపించింది. అద్దం దించబుద్ధి కాలేదు ఆయనకు.

మూడోది బోర్లించిన గిన్నెలా ఉన్న ఇనుప టోపీ. వెనక మెడ మీదికి తోలు ముక్క వేలాడుతోంది. లోపలి పట్టీలు చివికి, పాత చెమట వాసన కొడుతోంది.

"ఫట్‌ఫటీ మీద ఉత్తరాలు మోసే సిపాయిలు గిదే పెట్టుకుంటరట" అన్నాడు మొగిలి.

సేటు పెట్టుకొని వెంటనే తీసేశాడు. "అబ్బ, మెడ విరుగుతది. ఇందుల నా ముఖం తాబేలు లెక్క కనవడతాంది." తోలు టోపీని శ్యామలమ్మ చేతిలో పెట్టాడు. "గిది. లోపల జర మెత్తని గుడ్డ వేసియ్యి. ఎల్లుండి వస్త. గా ఇనుపది నువ్వే ఉంచుకో, కోళ్లకు గింజలు పోసుకోను పనికొస్తది."

శ్యామలమ్మ మొగిలి వైపు చూసింది. వాడి నెత్తికి ఎర్ర రుమాలు తప్ప ఏమీ లేదు. "మరి మావోనికి సేటూ?"

"వానికి రుమాలున్నది గద. అయినా వాని నెత్తికేమైతది, బండరాయి" అని సేటు నవ్వాడు.

మొగిలి కూడా నవ్వాడు. సేటు కంటే ముందే నవ్వు మొదలుపెట్టాడేమో అనిపించింది శ్యామలమ్మకు. బండి వెళ్లిపోయాక కూడా ఆ నవ్వు ఆమె మనసులోంచి పోలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె ఇనుప టోపీని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పారేయడానికైనా, వాడుకోవడానికైనా ముందు దాని సంగతి తెలుసుకోవాలి. చేతికి వచ్చిన ఏ వస్తువునైనా తిరగేసి చూడనిదే ఆమెకు నిద్ర పట్టదు. లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. అంచు చుట్టూ ఒక పట్టీ. దాని నుంచి నడినెత్తి మీదికి చివికిపోయిన నాలుగు పీలికలు. ఆ పీలికలకూ ఇనుముకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ.

"ఏమయ్యా, నెత్తికి ఆనకుండ ఇంత జాగ ఎందుకు ఇడిసిపెట్టినట్టు?" అని లోపల గుంట మగ్గం మీద జంపఖానా నేస్తున్న మొగుణ్ణి అడిగింది.

బుచ్చిరాములు మగ్గం పలక కొట్టడం ఆపలేదు. "గాలి ఆడనీకి."

"గాలికైతె బొక్కలు పెడుతరు. కుట్టెటోడు ఎవ్వడు ఇంత జాగ ఊకనే ఇడవడు."

"ఇనుము గట్టిది గద. గట్టిగుంటె నెత్తి పలగది. గంతే."

"గట్టిగుంటె పలగకపోతె, రాతి మీద పడ్డ కుండ ఎందుకు పలుగుతది? రాయి గట్టిదే గద."

ఈ సంగతి తేల్చుకోవాలనుకుంది శ్యామలమ్మ. సాయంత్రం కర్బూజల బండి వస్తే మనిషి తలంత కాయలు ఏరి ఆరు తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే కాయల బుట్ట ఎత్తుకొని మిద్దె ఎక్కింది. కింద బట్టలుతికే బండ ఉంది. బక్కమ్మ తన గుమ్మంలో నిలబడి చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకొని చూసింది. "ఏం జేస్తానవే శ్యామలా?"

"నెత్తులు పలగ్గొడతాన్న."

మొదటి కాయను ఉత్తదాన్నే వదిలింది. బండ మీద పడి నాలుగు చెక్కలైంది. రెండోదానికి మొగిలి చుట్టుకునేట్టే రుమాలు చుట్టి వదిలింది. రుమాలు తడిసి ముద్దయింది. మూడోదానికి సేటు తోలు టోపీ తొడిగి, పట్టీ బిగించి, ఒక క్షణం ఆగి వదిలింది. దిగి వచ్చి చూస్తే టోపీ మీద గీత కూడా పడలేదు. విప్పితే లోపల కాయ రెండుగా విచ్చుకొని ఉంది. ఆమె తోలు టోపీని గోడకానించి మళ్లీ మిద్దె ఎక్కింది.

నాలుగోదానికి ఇనుప టోపీ. చివికిన పట్టీలు అలాగే ఉంచి వదిలింది. గుడిగంట పడ్డట్టు మోగింది. కాయ పగిలింది.

"ఇనుముకే దిక్కులేకపోతె ఇంకేది ఆపుతది?" అన్నాడు అప్పటికి మగ్గం దిగి వాకిట్లోకి వచ్చిన బుచ్చిరాములు. ఆయన చేతిలో కర్బూజ ముక్క ఉంది.

శ్యామలమ్మ పాత పీలికలు కోసి పారేసి, తను నేసిన నవారులో సన్నటి పట్టీలు తీసి, అంచు పట్టీ నుంచి అడ్డంగా నిలువుగా నాలుగు వరుసలు కుట్టింది. మంచానికి అల్లినట్టే అల్లింది. ఐదో కాయ ఆ అల్లిక మీద, ఇనుముకు తగలకుండా, ఊయలలో బిడ్డలా కూర్చుంది. మిద్దె మీది నుంచి వదిలింది. మోత వచ్చింది. దిగివచ్చి విప్పింది. కాయ మీద వేలంత కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు. మళ్లీ అదే కాయతో మిద్దె ఎక్కి, ఈసారి చేతులు తలకంటే ఎత్తి వదిలింది. అప్పుడూ పగల్లేదు.

ఆమె బండ మీద చతికిలబడి ఆ కాయను రెండు చేతులతో పట్టుకుంది.

"ఇప్పుడు సమజైంది" అంది మొగుడితో. "మిద్దె మీదికెల్లి బండ మీద పడితె నడుం ఇరుగుతది. నవారు మంచం మీద పడితె ఇరగది. మంచం జర కిందికి దిగి దెబ్బను మింగుతది. ఇనుము పని రాయిని ఆపుడు. నెత్తిని కాపాడేది నవారు. గందుకే గా ఖాళీ."

బుచ్చిరాములు ఆమెను ఎగాదిగా చూశాడు. "గిది మాత్రం సేటుకు చెప్పకు. కోళ్లకన్నడు గద. మొగిలిగానికి పెట్టు."

సాయంత్రం మొగిలి వచ్చి ఇనుప టోపీ పెట్టుకొని వీధిలో రెండుసార్లు నడిచాడు. నవారు అల్లిక నెత్తికి సరిగ్గా కుదిరింది. బక్కమ్మ మిలిటరీ సలాం కొట్టింది. వాడు దాన్ని తీయకుండానే కూర్చొని అన్నం తిన్నాడు.

ఆ రాత్రి శ్యామలమ్మకు తోలు టోపీ లోపల విచ్చుకున్న కాయే గుర్తొచ్చింది. భార్య పోరు పడలేక సేటు తెచ్చుకున్న టోపీ అది. లోపల మెత్తని గుడ్డ కుట్టి, బాగుంది పెట్టుకోండి అని చేతికిస్తే, రేపు ఆయన పడితే ఆ తప్పులో తనకూ పాలుంటుంది.

సేటు చెప్పిన రోజుకు వచ్చాడు. బండి మీద మొగిలి ఇనుప టోపీతో ఉన్నాడు. శ్యామలమ్మ తోలు టోపీ ఇచ్చింది. మలుమలు గుడ్డ కుట్టిన లోపలి భాగాన్ని సేటు వేళ్లతో తడిమి మెచ్చుకున్నాడు.

"సేటూ, ఒక ముచ్చట. గిది ముఖానికి మంచిగుంటది గని నెత్తిని కాపాడది. నేను కర్బూజ పెట్టి చూసిన." తోలు టోపీలో కాయ పగిలిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక కాయ మిగిలి ఉంటే దానికి తోలు టోపీ తొడిగి ఆయన కళ్ల ముందే మిద్దె మీది నుంచి వేసింది. సేటు విచ్చుకున్న కాయనూ, చెక్కుచెదరని టోపీనీ మార్చి మార్చి చూశాడు.

"మరి ఏది కాపాడుతది?"

ఆమె మొగిలి వైపు చూసింది. ఆ చూపు చాలు.

"మొగిలీ, ఇటు తే" అన్నాడు సేటు.

మొగిలి గదవ కింది పట్టీ విప్పాడు. విప్పడానికి ఎక్కువసేపే పట్టింది. రెండు చేతులతో టోపీ అందించి, బండికి వేలాడుతున్న ఎర్ర రుమాలు తీసి చుట్టుకున్నాడు. సేటు ఇనుప టోపీ పెట్టుకొని, తోలు టోపీని ఒళ్లో వేసుకొని తొట్టిలో కూర్చున్నాడు. "మంచి మాట చెప్పినవు శ్యామలమ్మా" అన్నాడు. నిజంగానే కృతజ్ఞతతో అన్నాడు. మొగిలి నెత్తి సంగతి ఆయనకు తట్టనే లేదు.

బండి పోయాక బుచ్చిరాములు గుమ్మంలో నిలబడి అన్నాడు: "చెప్పద్దన్న గద."

"చెప్పాలె గద" అంది శ్యామలమ్మ. "వాని నెత్తి మీదిది తీసుకుంటడని అనుకోలే. మంది నెత్తి కూడ నెత్తే అని తెలుస్తదనుకున్న."

ఆ మధ్యాహ్నమే చింతగింజలు నానబోసింది.

ఇనుము వంచడం తనకు రాదు. కానీ రాయిని ఆపగలిగేంత గట్టిదైతే చాలు, ఇనుమే కానక్కరలేదు. చేర్యాలలో బొమ్మలు చేసేవాళ్లు గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి ముఖాలు చేస్తారు. ఎండితే చెక్కలా మోగుతాయి అవి. మొగిలి నెత్తి కంటే రెండు వేళ్లు పెద్దదైన కుండ వెతికి, బోర్లించి, బూడిద రాసింది. ఉడికించి రుబ్బిన జిగురులో ముతక ఖద్దరు పీలికలు ముంచి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా పరిచింది. మూడు పొరలకోసారి ఎండలో ఆరబెట్టింది. మే నెల ఎండ మిద్దె మీద పనివాడిలా పని చేసింది. మూడో రోజుకు పదిహేను పొరలయ్యాయి. వేలితో కొడితే తలుపు తట్టినట్టు పలికింది.

లోపల నవారు అల్లి కర్బూజ వేసి చూసింది. పై గుల్ల ఆగింది కానీ కాయ చిట్లింది. ఎక్కడ తప్పిందో తెలియక ఒక పూటంతా దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. తీరా చూస్తే, చూపుకు నీటుగా ఉండాలని నవారును మరీ బిగించేసింది. బిగించిన నవారు కూడా బండే. కుట్లు విప్పి వదులు చేసి, గుల్లకూ నవారుకూ మధ్య పాత గొంగడి ముక్క మడతపెట్టి కుట్టింది. ఈసారి కాయ నిలిచింది.

పెట్టి చూడమంటే మొగిలి ఒక్కొక్కటే చెప్పాడు. "చెవులు మూసుకపోతానయ్ అక్కా. ఎనుకకెల్లి లారీ వస్తె ఎరుకగావాలె." చెవుల దగ్గర కోసింది. "నొసలు దురద." గొంగడి మీద మలుమలు గుడ్డ వేసింది. "చెమట కండ్లల్లకొస్తాంది." నడినెత్తి చుట్టూ కాల్చిన దబ్బనంతో బొక్కలు పెట్టింది. చేతిలో పట్టుకొని తూచి చూశాడు. ఇనుప టోపీలో సగం బరువు కూడా లేదు. అయినా వాడు ఇంకా ఏదో నసుగుతూనే ఉన్నాడు.

"ఇంకేందిరా?"

"కుండ అడుగు లెక్కున్నది. బజార్ల నవ్వుతరు."

శ్యామలమ్మ అందుకు నవ్వలేదు. సేటు అద్దంలో ముఖం తిప్పి చూసుకున్నప్పుడు తప్పనిపించనిది, వీడడిగితే ఎందుకు తప్పవుతుంది? బుచ్చిరాములు నేసిన జంపఖానా చివరి ముక్క, ఎరుపు మీద నల్లగీతలది, తెచ్చి టోపీ చుట్టూ పట్టీలా అంటించింది. మొగిలి అద్దం తీసుకున్నాడు. టోపీని కొంచెం ఎడమకు వంచి పెట్టుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు అద్దం గూట్లో పెట్టడం మరిచిపోయాడు.

సోమవారం పొద్దున సేటూ మొగిలీ తొర్రూరు పోయారు. పొద్దు వాలుతుండగా కొత్తవాడ వీధిలోకి ఫట్‌ఫటీ రాలేదు, ఎడ్లబండి వచ్చింది. బండి వెనక మొగిలి నడుస్తున్నాడు. రెండు మోచేతులూ కొట్టుకుపోయి ఉన్నాయి. నెత్తి మీద టోపీ ఉంది.

శ్యామలమ్మ పరుగెత్తుకెళ్లి వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుంది.

"నాకేం గాలేదక్కా. సేటును దవాఖానల దించి వస్తాన్న. నెత్తికి ఏడు కుట్లు పడ్డయ్. పానానికేం ఫికర్ లేదన్నరు."

"ఏమైంది?"

"బర్రె అడ్డమొచ్చింది. బండి బోర్లపడ్డది. నేను రోడ్డు మీద తలకిందులు పడ్డ. టక్కుమని చప్పుడు ఇనవడ్డది, గంతే. లేచిన. చూస్తె సేటు రాళ్ల మీద ఉన్నడు."

"ఇనుప టోపీ ఉన్నది గదరా."

"ఒళ్లె ఉన్నది" అన్నాడు మొగిలి. "వర్ధన్నపేట దాటంగనే తీసిండు. నెత్తి మీద పెనం బోర్లిచ్చినట్టున్నదన్నడు."

ఆమె వాడి మోచేతులు కడిగి పసుపు పెట్టింది. ఆ తర్వాత ఖద్దరు టోపీని తిరగేసి చూసింది. కుడివైపు బయట చిన్న సొట్ట. లోపల వేలితో నొక్కితే పొరలు విడిపోయి కిర్రుమంటున్నాయి. తన పొరలు తమ పని చేసినందుకు సంతోషమే. కానీ సేటు ఒళ్లో ఉన్న టోపీ గుచ్చుతూనే ఉంది. కర్బూజకు ఎండ తగలదు, చెమట పట్టదు, మెడ నొయ్యదు. అందుకే ఆ ఇనుప టోపీ కర్బూజ మీద నిలిచింది. మనిషి నెత్తి మీద ఎంతసేపు నిలుస్తుందో ఆమె చూడనే లేదు. మొగిలికి చెవులూ, నొసలూ, చెమటా అన్నీ అడిగి చేసింది. సేటును ఒక్కమాట అడగలేదు.

నాలుగు రోజులకు సేటు నడిచి వచ్చాడు. కట్టు మీదుగా నల్ల టోపీ పెట్టుకున్నాడు. నవారు నేస్తున్న శ్యామలమ్మ ఎదుట అరుగు మీద కూర్చున్నాడు.

"మొగిలే నన్ను ఎత్తి బండ్లె పండబెట్టిండట. నాకు ఎరుక లేదు."

"అవును సేటూ."

"వాని టోపీ జర చూపియ్యి."

తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని చేతిలో ఎగరేసి బరువు చూశాడు. బొక్కల్లోంచి వెలుతురు చూశాడు. ఎర్ర పట్టీ మీద బొటనవేలు పోనిచ్చాడు.

"గిది నాకియ్యి. వచ్చే సోమవారం తొర్రూరు పోవాలె."

"గిది ఎవ్వరికి పనికిరాదు. ఒక దెబ్బ మింగింది. ఇంకోటి మింగది." ఆయన వేలు పట్టి లోపల పెట్టించి నొక్కించింది. కిర్రుమంది.

"అయితె నాకొకటి కొత్తది చెయ్యి."

"చేస్త. మొగిలిదైనంక."

సేటు తలెత్తి చూశాడు. "నెత్తి పలిగింది నాది శ్యామలమ్మా."

"మీరు పడ్డప్పుడు వాడు లేచి నిలవడ్డడు గనుక మీరు దవాఖానకు వచ్చిండ్రు సేటూ. ఇద్దరు పడి ఉంటె ఎవ్వరు తెచ్చెటోళ్లు?"

లోపల బుచ్చిరాములు పలక చప్పుడు ఆగింది. బక్కమ్మ మేకకు గడ్డి వేయడం మానేసి అక్కడే నిలబడింది. సేటు టోపీని అరుగు మీద పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్కోటి ఎన్ని దినాలు?"

"నాలుగు. ఎండ మంచిగుంటె."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. "సోమవారం పోను" అన్నాడు చివరికి. "రెండు టోపీలు అయినంకనే పోతం."

శ్యామలమ్మ నవారు మగ్గం దగ్గరికి పోయింది. కొలవడానికి నవారు ముక్క ఒకటి తీసుకొని ఆయన ముందుకొచ్చి నిలబడింది. "ఎక్కడ ఒత్తితె నొస్తదో, ఎక్కడ చెమట పడుతదో అన్నీ చెప్పాలె. జర నెత్తి వంచుండ్రి."

సేటు నల్ల టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వీధి వంక ఒకసారి చూశాడు. ఆ తర్వాత తల వంచాడు. కట్టు పక్కన పలుచబడ్డ వెంట్రుకలు చెమటకు అంటుకొని ఉన్నాయి. శ్యామలమ్మ కుట్లకు తగలకుండా నవారు చుట్టి, కొసలు కలిపి, వేలితో గుర్తు పెట్టి, విప్పి చూసుకుంది. మళ్లీ చుట్టి చూసింది. కొలత తప్పలేదు.

"ఏమయ్యా" అని లోపలికి కేకేసింది. "మొగిలి కుండ సేటుకు పెద్దగైతది. ఇంకో చిన్న కుండ చూడు."